వరండాలో మంచం: అపరాధభావంపై ఒక కేస్ స్టడీ

కోనసీమలోని ఒక గ్రామ సంఘంలో పాస్టరుగా ఉంటూ, చుట్టుపక్కల సంఘాలవారు పంపినవారికి కౌన్సెలింగు చేస్తూ పంతొమ్మిదేళ్ళుగా నేను చూసిన కేసుల్లో, నా పద్ధతినే మార్చుకొనేలా చేసిన కేసు ఇది. 2023 జూలైలో మొదలై 2024 జూన్ వరకు నడిచింది. మొత్తం పదకొండు సమావేశాలు, మూడు గృహ దర్శనాలు జరిగాయి. సంబంధిత సోదరి అనుమతితోనే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వివరాలు మార్చాను. రాసినదంతా ఆమెకు చదివి వినిపించగా రెండు చోట్ల నన్ను దిద్దింది, ఆ దిద్దుబాట్లను అలాగే ఉంచాను. మారుపేరు పెట్టడం ఇష్టం లేక ఈ రాతలో ఆమెను సోదరి అనే పిలుస్తున్నాను. స్త్రీలతో మాట్లాడేటప్పుడు మా ఇంటి ముందు గదిలో, తలుపు తీసి ఉంచి, నా భార్యకు కనిపించేంత దూరంలో కూర్చోవడం నా నియమం. ఈ కేసులో మొదటి ఆనవాలు పట్టింది కూడా నా భార్యే.

వచ్చినప్పటి పరిస్థితి

సోదరికి అప్పటికి 43 ఏళ్ళు. ఏడో తరగతి వరకు చదివింది. భర్త కొబ్బరి దింపు కార్మికుడు. చెట్టు మీద నుంచి పడి నడుము దెబ్బతిన్నాక బరువు పనులకు దూరమయ్యాడు. పిల్లలిద్దరూ చిన్నవాళ్ళుగా ఉండగా, 2011లో ఆమె ఇంటి పనివారికిచ్చే ఖాదిమ్ వీసా మీద కువైట్ వెళ్ళింది. పిల్లలను ఆమె తల్లి పెంచింది. మా ప్రాంతంలో ఇది వింత కాదు. ఏ వీధిలో నిలబడి చూసినా కువైట్ డబ్బుతో లేచిన శ్లాబు ఇళ్ళు రెండు మూడు కనిపిస్తాయి. పదేళ్ళలో రెండుసార్లు మాత్రమే ఇంటికి వచ్చి, 2021లో శాశ్వతంగా తిరిగివచ్చింది. అప్పటికి తల్లి చనిపోయి మూడేళ్ళు కావస్తోంది.

కూతురికి రెండోసారి గర్భస్రావమైన నెలలో, ఆ కూతురే ఆమెను వెంటబెట్టుకొని నా దగ్గరకు వచ్చింది. నిద్ర లేదు, తిండి లేదు. శుక్రవారపు ఉపవాసం కాస్తా వారానికి మూడు రోజుల ఉపవాసమైంది. ఏడాదిలో బరువు 58 కిలోల నుంచి 47కు దిగింది. "అమ్మను నేనే చంపుకున్నానండి, అందుకే నా బిడ్డకు కడుపు నిలవట్లేదు" అన్న ఒక్క మాటనే ఆ పూట ఐదారుసార్లు అన్నది. అంతకంటె చిన్నదే అయినా నాకు ఎక్కువ చెప్పిన సంగతి నా భార్య ఆ రాత్రి చెప్పింది: ఈ సోదరి కువైట్ నుంచి వచ్చిన నాటి నుంచి ఏ నెల మొదటి ఆదివారం కూడా ప్రభువు బల్లలో, అంటే యేసు మరణాన్ని తలచుకొంటూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకొనే ఆచారంలో, పాల్గొనలేదు. ప్రసంగం ముగిసి బల్ల మీది తెల్లగుడ్డ తీసే సమయానికి, పొయ్యి మీద పాలున్నాయనో, ఆయనకు మందు వేసే వేళయిందనో పక్కవారితో చెప్పి లేచి వెళ్ళిపోయేది. రెండేళ్ళపాటు ఆ బల్ల వెనకాలే నిలబడిన నేను దాన్ని గమనించలేదు.

నా పొరపాట్లు

మొదటి సమావేశంలో నేను చేసింది మనలో చాలామంది చేసేదే. రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయం తీసి, "కాబట్టి యిప్పుడు క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు" అని చదివి, దేవుడు ఎప్పుడో క్షమించాడమ్మా, ఇక మనసులో పెట్టుకోవద్దు అని చెప్పి, ప్రార్థన చేసి పంపాను. ఆమె ఆమెన్ అన్నది. మా సంఘాల్లో ఆమెన్ అంటే అంగీకారమే కాదు, ఇక చాలు అయ్యగారూ వెళ్ళొస్తాను అని కూడా అర్థం. వాక్యంలో తప్పు లేదు, నేను వాడిన తీరులో ఉంది. శిక్షావిధి అనేది న్యాయస్థానపు మాట. న్యాయాధిపతి నేరం విని, తూచి, తీర్పు చెప్పే పని అంతా ఆ మాట వెనుక ఉంది. నేరమేమిటో వినకుండానే కేసు కొట్టివేశామంటే, నిజంగా ఏదో చేసి వచ్చిన మనిషికి అది క్షమాపణలా వినిపించదు. తన గోడు ఎవరికీ పట్టలేదన్నట్టు వినిపిస్తుంది. ఆమె చేసినదేమిటో నేను అడగనే లేదు.

రెండో పొరపాటు అంతకు ఏడాది ముందే జరిగిపోయింది. 2022లో మా మందిరానికి మరమ్మతులు చేయించినప్పుడు ఈ సోదరి చేతి గాజులు రెండు అమ్మి రూ. 40,000 ఇచ్చింది. రసీదు రాసింది నేను. ఆ ఆదివారం పుల్పిట్ మీద నుంచి ఆమె త్యాగాన్ని పొగిడిందీ నేనే. భర్తకు పని లేని ఇంటి నుంచి అంత డబ్బు ఎందుకు వస్తోందని అడగవలసినవాడిని, రావడమే చాలుననుకున్నాను. తనను తాను శిక్షించుకొనే మనిషి ఇచ్చే కానుక బయటికి భక్తిలాగే కనిపిస్తుంది. పుచ్చుకొనేవాడికి అక్కర ఉన్నప్పుడు మరీ కనిపిస్తుంది.

వైద్యం

రెండో సమావేశంలో బైబిలు తెరవకముందు ప్రశ్నల కాగితం తీశాను. డిప్రెషన్ తీవ్రతను అంచనా వేసే పీహెచ్‌క్యూ-9లో తొమ్మిది ప్రశ్నలుంటాయి, గరిష్ఠంగా 27 వస్తాయి. ఆమెకు 17 వచ్చాయి. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. తెల్లవారి లేవకపోతే బాగుండుననిపిస్తోందని, తనంతట తాను ఏమైనా చేసుకోవాలని మాత్రం అనుకోలేదని చెప్పింది. ఆ ప్రశ్న సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని తోటి పాస్టర్లలో కొందరు భయపడతారు. నా అనుభవంలో, అడిగిన తర్వాత తేలికపడిన ముఖాలనే చూశాను. అదే వారం కూతురు తోడుగా పట్టణంలోని సైకియాట్రిస్టు దగ్గరకు పంపగా, ఆయన డిప్రెషన్ అని నిర్ధారించి మందులు మొదలుపెట్టారు. 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416ను ఆమె బైబిలు అట్ట లోపలి వైపు పెద్ద అంకెలతో రాసిచ్చాను. ఉపవాసాలు డాక్టరు చెప్పేదాకా ఆపమన్నాను. ఆ ఒక్కదానికే ఆమె చాలాసేపు ఒప్పుకోలేదు.

మందులు వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టేనా అని భర్త అడిగాడు. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడని కొలొస్సయులకు రాసిన పత్రికలో చూపించాను, ఆయనకది చాలింది. నాకు మాత్రం ఇలాంటి ప్రతి కేసులోనూ విలియం కూపర్ గుర్తుకు వస్తాడు. పద్దెనిమిదో శతాబ్దపు ఆ ఆంగ్ల కవి, జాన్ న్యూటన్‌తో కలిసి కీర్తనలు రాసి 1779లో అచ్చులోకి తెచ్చినవాడు, క్రీస్తు రక్తపు శక్తిని గురించి కోట్లమంది పాడుకొనే చరణాలు కట్టినవాడు, 1773లో వచ్చిన మానసిక రోగం తర్వాత దేవుడు తనను త్రోసివేశాడన్న నమ్మకంతోనే 1800లో కన్నుమూశాడు. సిద్ధాంతం తెలియక కాదు, మనకంటె బాగా తెలుసు. అపరాధభావం డిప్రెషన్ లక్షణాల్లో ఒకటిగా వైద్యులు గుర్తించినది. రోగం పుట్టించిన నిందను వాక్యాలతో మాత్రమే కొట్టాలని చూస్తే, వాక్యం పని చేయలేదన్న కొత్త నింద ఒకటి రోగి మీద పడుతుంది. ఈ సోదరి విషయంలో రోగమూ ఉంది, రోగంతో సంబంధం లేని నిజమైన నేరమూ ఒకటి ఉంది. రెండోది బయటపడడానికి ఇంకో నెల పట్టింది.

గృహ దర్శనం

ఆగస్టులో వాళ్ళింటికి వెళ్ళాను. రెండు గదుల శ్లాబు ఇల్లు, లోపల టైల్స్, గోడకు తల్లి ఫోటో. వరండాలో మాత్రం, చెప్పుల వరసకు ఆనుకొని ఒక నవారు మంచం, దాని పైన వరండా స్తంభాలకు తాళ్ళతో కట్టిన నీలం బరకం. వానజల్లు ఆగడానికట. ఎవరు పడుకుంటారని అడిగితే కూతురు తల్లి వైపు చూసింది. తిరిగివచ్చిన నాటి నుంచి ఆమె ఆ ఇంటి లోపల ఒక్క రాత్రీ నిద్రపోలేదు. గాలి ఆడదని భర్తకు చెప్పేది. జనవరి చలిలోనూ అదే మాట చెప్పేది.

నన్ను సాగనంపుతూ వీధి గుమ్మం దగ్గర ఆమె ఫోను తీసి ఇమో అనే ఫోను యాప్‌లో వచ్చిన ఒక పాత ఆడియో వినిపించింది. తల్లి గొంతు, ఆయాసంగా: "ఆళ్ళు పంపకపోతే నువ్వేం చేత్తావులే అమ్మా. నువ్వు ఏడవకు. పిల్లల్ని నేను చూసుకుంటన్నానుగా." పదిహేను సెకండ్లు కూడా లేదు. ప్రతి రాత్రీ ఆ మంచం మీద పడుకొని వింటున్నానని చెప్పింది. ఇంత ప్రేమగా మాట్లాడిన తల్లి మాట వింటే ఓదార్పు కలగాలి గాని దుఃఖం ఎందుకు పెరుగుతోందని నేను అడిగాను. ఆమె జవాబు చెప్పకుండా లోపలికి వెళ్ళిపోయింది. నాలుగు రోజుల తర్వాత తనే మా ఇంటికి వచ్చి, నా భార్యను కూడా దగ్గర కూర్చోమని, చెప్పింది.

2018 అక్టోబరులో, అప్పటికే డయాలసిస్ మీద ఉన్న తల్లికి మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయి, గుండె కూడా బలహీనపడి, ఎక్కువ రోజులు కష్టమని డాక్టర్లు తమ్ముడితో చెప్పారు. తమ్ముడు కువైట్‌కు ఫోను చేశాడు. ఇంటి యజమానురాలు, ఆమె మాటల్లో మామా, వెంటనే వెళ్ళి రమ్మంది. పాస్‌పోర్టు తీసి చేతిలో పెట్టింది. జీతం లేని సెలవు నెల రోజులు, టికెట్టు తనే కొనుక్కోవాలి. ఆ నెలాఖరుకే ఇక్కడ ఇంటికి శ్లాబు వేయాలి, మేస్త్రీకి మాట ఇచ్చేశారు. నెలకు 110 దీనార్ల జీతం పోతే, టికెట్టు ఖర్చు కూడా కలిస్తే, శ్లాబు ఆగిపోతుంది. ఆమె రెండు రాత్రులు లెక్కలు వేసుకొని, పాస్‌పోర్టు మామాకు తిరిగి ఇచ్చేసి, ఇంటికి ఫోను చేసి సెలవు ఇవ్వలేదని చెప్పింది. కువైట్‌లో ఇంటి పనివారి కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చి, వారికి ఏటా జీతంతో కూడిన సెలవు హక్కు రాసినా, పాస్‌పోర్టులు దాచిపెట్టే యజమానుల కథలు మా ఊళ్ళో ఇంటికొకటి ఉన్నాయి. కాబట్టి ఆ అబద్ధాన్ని అనుమానించే అవసరం ఎవరికీ రాలేదు. శ్లాబు వేసిన పన్నెండో రోజున తల్లి చనిపోయింది.

అప్పటి నుంచి ఊరంతా ఆమెను చూసి జాలిపడుతోంది. తల్లి ఆఖరి చూపుకు కూడా రానివ్వలేదు పాపం అనే మాట పెళ్ళిళ్ళలో, ప్రార్థన కూటాల్లో ఆమె ముందే అనేవారు. తల్లి కూడా అదే నమ్మి, ఆ ఆడియోలో కూతురినే ఓదార్చి, పోయింది. ఆ ఓదార్పునే ఆమె ప్రతి రాత్రీ వింటోంది. ఆ ఇంటి పైకప్పు కింద ఎందుకు పడుకోలేదో ఇక అడగవలసిన పని లేకపోయింది.

నేరాన్ని నింద నుంచి విడదీయడం

ఇక్కడి నుంచి నేను చేసిన పని చెప్పడానికి సులువే గాని, చేయడానికి మూడు నెలలు పట్టింది. "అమ్మను నేనే చంపుకున్నాను" అన్న ఒక్క మాటలో నాలుగు వేర్వేరు సంగతులు ముద్దగా కలిసిపోయి ఉన్నాయి. తల్లి మరణం రోగం వల్ల వచ్చింది. ఆమె వచ్చి ఉన్నా ఆగేది కాదు, తమ్ముడికి డాక్టర్లు ముందే చెప్పారు. రాకపోవడం ఒక నిర్ణయం. దానిలో డబ్బు మీద ఆశ ఉంది, ఎదిగే పిల్లలకు నీడ కావాలన్న బాధ్యతా ఉంది, పదేళ్ళ పేదరికం ఉంది. దాన్ని పూర్తిగా తప్పు అనలేను, పూర్తిగా ఒప్పు అనడానికీ ఆమె ఒప్పుకోలేదు, ఆమె మాటనే నేను గౌరవించాను. అబద్ధం మాత్రం అబద్ధమే. నాలుగోది కూతురి గర్భస్రావం. అది శిక్ష అని ఆమె నమ్మకం.

ఇలా విడదీస్తుంటే ఆమెకు మొదట కోపం వచ్చింది. నేను నేరాన్ని తగ్గిస్తున్నానని అనుకుంది. నిందకు ఒక లక్షణం ఉంది: అది ఎంత పెద్దదైతే అంత న్యాయంగా ఉన్నట్టు అనిపిస్తుంది. హత్య చేశానని ఏడవడం కంటె, ఫలానా తేదీన ఫలానా మనిషితో అబద్ధమాడానని చెప్పడం కష్టం. మొదటి దానికి ఊరు జాలిపడుతుంది, రెండోదానికి తల దించుకోవాలి. ఉపవాస కూటాల్లో ఆమె ఎన్నోసార్లు అందరి ముందూ నేను ఘోరపాపిని ప్రభువా అని ఏడ్చింది, ఆ ఒక్క సంగతి మాత్రం దేవుడి దగ్గర కూడా పేరు పెట్టి చెప్పలేదు. "మన పాపములను మనము ఒప్పుకొనినయెడల" అని యోహాను రాసిన చోట పాపములు అని బహువచనంలో ఉంది, లెక్కపెట్టి చెప్పగలిగినవి అన్నట్టుగా. పాపినని చెప్పుకోవడం వేరు, పాపం చెప్పుకోవడం వేరని నేను అప్పటిదాకా పుల్పిట్ మీద కూడా సరిగా విడదీసి చెప్పలేదు.

ఈ మధ్య సంఘాల్లో నిన్ను నువ్వు క్షమించుకో అనే మాట బాగా వినిపిస్తోంది. కూతురు కూడా యూట్యూబులో విని తల్లికి అదే చెప్పింది. నేను ఆ మాట వాడను. అన్యాయం జరిగింది తల్లికి, తమ్ముడికి. క్షమించే హక్కు వారిది, అందరికంటె ముందు దేవునిది. దోషిని, న్యాయాధిపతిని ఒకే మనిషిగా చేసి, నీకు నువ్వే విడుదల రాసుకో అంటే, కాస్త మనస్సాక్షి ఉన్న ఏ మనిషైనా రాసుకోలేడు. "దేవుడు మన హృదయముకంటె అధికుడై, సమస్తమును ఎరిగి యున్నాడు" అన్న యోహాను మొదటి పత్రిక మూడో అధ్యాయపు మాట ఈ కేసులో నాకు ఎక్కువ ఉపయోగపడింది. మొదట చదివినప్పుడు ఆమె భయపడింది, సమస్తమును అన్న మాట దగ్గర. మూడోసారి చదివేసరికి ఆ మాటే పట్టుకుంది: "అంటే ఆ రెండు రాత్రులు నేను లెక్కలేసుకోవడం కూడా చూశాడాండి?" చూశాడమ్మా, శ్లాబు ఎందుకు కావలసివచ్చిందో కూడా చూశాడు అన్నాను.

ఉసురు

గర్భస్రావం సంగతి తేలికగా తెగలేదు. ఊరికి వచ్చిన ఒక ప్రార్థనాపరుడు, ఎవరో అడిగితే, ఈ ఇంటికి తల్లి ఉసురు తగిలిందని చెప్పి వెళ్ళాడు. ఉసురు అనే మాట విశ్వాసుల ఇళ్ళలోనూ బతికే ఉంది. బాప్తిస్మం తీసుకున్న మూడు తరాల తర్వాత కూడా, ఏడిపించిన మనిషి నిట్టూర్పు తరాలు దాటి కొడుతుందని మన పెద్దలు లోలోపల నమ్ముతారు. ఇలాంటి చోట అది మూఢనమ్మకం అని కొట్టిపారేస్తే మనిషి నోరు మూసుకుంటుంది, నమ్మకం మాత్రం పోదు. పుట్టుగుడ్డివాని గురించి శిష్యులు ఎవడు పాపము చేసెనని అడిగినప్పుడు యేసు, వాడు గాని వాని కన్నవారు గాని కాదన్న యోహాను తొమ్మిదో అధ్యాయం చదివాను. ఆమె తల ఊపింది. తల ఊపడమే జరిగింది.

తర్వాతి సమావేశంలో ఉసురును ఎదిరించడం మానేసి, దాని వెంటే నడిచాను. అన్యాయానికి గురైనవాని గొంతు దేవునికి వినబడుతుందని బైబిలు కూడా చెబుతుంది. అన్న కయీను చంపిన హేబెలు రక్తం నేలలో నుంచి మొరపెడుతోందని ఆదికాండం నాలుగో అధ్యాయంలో దేవుడే అన్నాడు. మన ఉసురు అనే మాటకు అంతకంటె దగ్గరి వాక్యం నాకు తెలియదు. కాని హెబ్రీయులకు రాసిన పత్రిక పన్నెండో అధ్యాయం ఆ కథను అక్కడితో వదలలేదు. యేసు రక్తాన్ని "హేబెలుకంటె మరి శ్రేష్ఠముగా పలుకు ప్రోక్షణ రక్తము" అన్నది. రెండు రక్తాలూ మాట్లాడుతున్నాయి. ఒకటి న్యాయం అడుగుతోంది, రెండోది ఆ న్యాయం తీరిపోయిందని చెబుతోంది. మీ అమ్మ మాట్లాడిన ఆఖరి మాట ఏమిటని అడిగాను. ఆమె ఫోను తీయబోయి ఆగి, నోటితోనే చెప్పింది: నువ్వు ఏడవకు. అది ఉసురులా ఉందా అని నా భార్య అడిగింది. నేను సిద్ధం చేసుకున్న వివరణ కంటె ఆ ప్రశ్నే పని చేసిందని ఒప్పుకోవాలి.

కూతురిని స్త్రీల డాక్టరుకు చూపించుకోమని చెప్పాం. పరీక్షల్లో థైరాయిడ్ లోపం బయటపడి, దానికీ మందులు మొదలయ్యాయి. గర్భస్రావాలకు అదే కారణమని డాక్టరు తేల్చి చెప్పలేదు, మేమూ అలా చెప్పుకోలేదు.

ఒప్పుకోలు

నవంబరు 2 సమాధుల పండుగ. మా ఊళ్ళో ఆ వారమంతా సమాధులకు సున్నం వేసి, సాయంత్రానికి కొవ్వొత్తులు పెడతారు. చనిపోయినవారితో మాట్లాడడాన్ని మా సంఘం బోధించదు; తల్లిని క్షమాపణ అడగాలన్న ఆమె కోరికను కాదనడమూ నాకు చేతకాలేదు. చివరికి ఇలా కుదుర్చుకున్నాం: తల్లికి చెప్పవలసినది కాగితం మీద రాసి, సమాధి దగ్గర నిలబడి, దేవునికి ప్రార్థనగా చదవడం. ఏడో తరగతి చదువుతో ఆమె నోటుపుస్తకంలో రాసినది నాలుగు పంక్తులే. "మామా ఎల్లమనే అందమ్మా. నేనే రాలేదు. శ్లాబు డబ్బులు తగ్గిపోతాయని రాలేదు. సెలవియ్యలేదని నీతో అబద్ధమాడాను." చంపుకున్నాను అన్న మాట అందులో లేదు. తీసేయమని నేను చెప్పలేదు.

చదవడం అయ్యాక, యోహాను పత్రికలోని "ఆయన నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక" అన్న వాక్యం చదివి, ఈ అబద్ధం యేసుక్రీస్తు నామమున క్షమించబడిందని, ఆ అబద్ధాన్ని పేరు పెట్టి, పలికాను. మొదటి సమావేశంలో నేను చెప్పినదీ క్షమాపణే. తేడా ఏమిటంటే ఈసారి దేనికో ఇద్దరికీ తెలుసు.

తమ్ముడికి చెప్పాలన్నది ఆమె నిర్ణయమే. యాకోబు పత్రిక ఒకనితోనొకడు ఒప్పుకొనుడని చెప్పినా, ఒప్పుకోలు ఎవరికి, ఎంతవరకు అన్నది తొందరపడి తేల్చకూడదు. చెప్పినవారి గుండె బరువు దిగి, విన్నవారి ఇల్లు కూలిన కేసులు నేను చూశాను. ఈ కేసులో తమ్ముడు రెండేళ్ళు వారానికి రెండుసార్లు తల్లిని బండి మీద డయాలసిస్‌కు తిప్పినవాడు, యజమానులను తిడుతూ ఐదేళ్ళు గడిపినవాడు; అతనికి నిజం బాకీ ఉంది. డిసెంబరు మొదటి వారంలో మా ఇంట్లోనే చెప్పింది. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంతమంది ముందు ఆ కువైటావిడకు శాపనార్థాలు పెట్టానక్కా, అవన్నీ ఇప్పుడు ఎవరికి పోవాలి?" అని లేచి వెళ్ళిపోయాడు. మూడు వారాలకు పైగా ఫోను ఎత్తలేదు. ఆ రోజుల్లో ఆమెను వారానికి రెండుసార్లు కలిశాం, డాక్టరుకూ చెప్పి ఉంచాం. డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక, మందిరం బయట చెప్పులు వేసుకుంటుండగా అతను వచ్చి, "అన్నం తిన్నావా అక్కా?" అన్నాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఈ సంగతి ఎంత మాట్లాడుకున్నారో నాకు తెలియదు, అడగలేదు.

తమ్ముడి ప్రశ్న మాత్రం ఆమెలో ఉండిపోయింది. జనవరి సమావేశంలో ఆమె అన్న మాట నాకు తట్టనిది: అబద్ధం అమ్మతో చెప్పాను గాని, అబద్ధసాక్ష్యం మామా మీద చెప్పాను కదండీ. పదాజ్ఞల్లో ఆ ఆజ్ఞను నేను ఎన్నోసార్లు బోధించి కూడా, ఈ కేసులో అన్యాయానికి గురైనవారి పట్టికలో ఆ కువైటు స్త్రీని చేర్చలేదు. ఐదేళ్ళు తనను తాను నిందించుకున్న కాలంలో సోదరికీ ఆమె గుర్తురాలేదు. నింద చూపంతా తన మీదే ఉంటుంది, దానికి పక్కవారు కనబడరు. నేరానికి పేరు పెట్టాకే, దెబ్బ తగిలిన మరో మనిషి కనబడింది. సోదరి తనకు వచ్చిన అరబ్బీలో వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టింది. రెండు రోజులకు జవాబు వచ్చింది. అందులో మందలింపు లేదు. అల్లాహ్ యర్హమ్హా (దేవుడు ఆమెను కరుణించుగాక) అని తల్లి కోసం మరోసారి అని, పిల్లల పేర్లు చెప్పి, ఎలా ఉన్నారని అడిగింది. పిల్లల పేర్లు ఇంకా గుర్తున్నందుకు సోదరి మా ఇంట్లో చాలాసేపు ఏడ్చింది. అది వేరే రకం ఏడుపు.

బల్ల

సమాధుల పండుగ తర్వాతి ఆదివారం నుంచే ఆమె బల్లలో పాల్గొనవచ్చని చెప్పాను. కొరింథీయులకు పౌలు రాసినది అయోగ్యముగా తినవద్దని. అయోగ్యుడు తినవద్దని కాదు. ధనవంతులు ముందే తినేసి పేదలను ఆకలితో వదిలేసిన సంఘాన్ని మందలిస్తూ ఆ మాట అన్నాడు. ఆ ఒక్క తేడా తెలియక మా సంఘాల్లో ఏళ్ళ తరబడి బల్లకు దూరంగా ఉన్నవారు ఎంతమందో. కాని ఆమె మత్తయి ఐదో అధ్యాయం చూపించి, ముందు తమ్ముడితో సమాధానపడి వస్తానంది. తమ్ముడు మాట్లాడాక, ఆ మామా జవాబు వచ్చాక కూడా రెండు మొదటి ఆదివారాలు కూర్చొని చూసింది, పాల వంక చెప్పి వెళ్ళిపోలేదు. 2024 మార్చి 28, మంచి శుక్రవారానికి ముందు రాత్రి, రొట్టె తీసుకుంది. నేను ఇచ్చేటప్పుడు ఇద్దరమూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఆ మర్నాటి ఆరాధన తర్వాత, 2022లో ఇచ్చిన రూ. 40,000 గురించి ఆమెతో మాట్లాడాను. అడగకుండా పుచ్చుకోవడం నా తప్పని చెప్పి, తిరిగి ఇప్పించమంటే కమిటీతో మాట్లాడతానన్నాను. వద్దంది. "అప్పుడు లంచంలాగా ఇచ్చానండి అయ్యగారూ" అని మాత్రం అంది. పుల్పిట్ మీద నుంచి కానుకలను పొగడడం నేను మానేశాను.

ప్రస్తుత స్థితి

జూన్ మొదటి వారంలో పీహెచ్‌క్యూ-9 మళ్ళీ చూస్తే 6 వచ్చాయి. బరువు 53 కిలోలకు చేరింది. మందులు డాక్టరు పర్యవేక్షణలో కొనసాగుతున్నాయి, నెమ్మదిగా తగ్గిస్తానని ఆయన చెప్పారు. శుక్రవారపు ఉపవాసం ఒక్కటే ఉంచుకుంది, అదీ మధ్యాహ్నం వరకే. తల్లి ఆడియో ఫోనులోనే ఉంది. రోజూ వినడం లేదు, తల్లి పోయిన రోజున వింటానంటోంది. ఊరికి నిజం చెప్పాలా అన్న ప్రశ్న ఇంకా తేలలేదు. పాపం రానివ్వలేదు అని ఎవరైనా అన్నప్పుడల్లా కాదండీ, నేనే రాలేదు అని ఆ ఒక్కరితో అంటోంది. కొందరు నమ్మడం లేదు.

ఆఖరి గృహ దర్శనం తొలకరి పడిన మర్నాడు జరిగింది. వరండాలో చెప్పుల వరస ఒక్కటే ఉంది, స్తంభాలకు తాళ్ళు వేలాడుతున్నాయి. ఈసారి బరకం కట్టలేదని, రాత్రి జల్లు కొట్టేసరికి మంచం లోపలికి లాక్కుందని కూతురు చెప్పింది. సోదరి కాఫీ గ్లాసులు తెచ్చి, లోపల ఉక్కగా ఉందండీ, ఫ్యాను మార్పించాలి అంది.